ధర్మకార్యమునకు దలాలీ తగునా?

కట్టడము కట్టదలచిన సంఘము ఇంజనీరును పిలిచి పటము గీయించును. అతనికి రుసుము చెల్లించును. మేస్త్రీకి కూలి యిచ్చును. లెక్కలు తనిఖీచేయు ఆడిటరుకు ఫీజు ఇచ్చును. వీరిలో ఎవ్వరిని గూర్చియు "ధర్మకార్యమునకు కూలి అడుగుచున్నాడే" యని ఎవ్వరును ఆక్షేపింపరు. కాని, "మీకు కావలసిన ధనము ఏ విధముగా సమకూర్చుకొనవలెనో నేను చెప్పెదను, నాకింత ఇయ్యుడు" అని మరియొకడు వచ్చినప్పుడు కమిటీ సభ్యులు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. సిమెంటు అమ్మువానికి లాభముండవచ్చును గాని చందాకు దారి చూపువానికి ఉండరాదా? ఈ సంకోచము వట్టి లోభమా, లేక దానిలో ఏదైన ధర్మసూక్ష్మము కలదా? ఇది నేడు విచారింపదగిన ప్రశ్న.

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయముగా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అను ప్రాంతము కలదు. హోసూరు, సర్జాపుర మార్గములను బట్టి దానికా పేరు వచ్చినది. అగర, పరంగిపాళ్య, సోమసుందరపాళ్య మొదలగు పల్లెల పరిసరములను బెంగుళూరు డెవలప్‌మెంట్ అథారిటీవారు ఏడు సెక్టారులుగా తీర్చిరి. ఇప్పుడచ్చట వీధివీధికి ఒక కొత్త కంపెనీ, మేడమేడకు ఒక కంప్యూటరు కార్యాలయము. ఆంధ్ర, తెలంగాణ జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు పెక్కు కలవు. మార్వాడు, గుజరాతు దేశములనుండి తాతలనాడు తెలుగునాటికి వచ్చి, మనుమలనాడు బెంగుళూరు చేరిన వర్తక కుటుంబములును కలవు.

చిక్‌పేటలోనో, ఆదోనిలోనో, బెజవాడలోనో ఒక పెద్దమనిషి చందా పుస్తకము చంకన పెట్టుకొని బజారున ఒక చుట్టు తిరిగినచో సాయంకాలమునకు పని తేలును. ఏ దుకాణమువారి స్థితి యెట్టిదో, ఏ యింట ఈ యేడు పెండ్లి యున్నదో, ఎవరికి సరకులో నష్టము వచ్చినదో అతనికి తెలియును. అడుగవలసిన చోట అడుగును. అడుగరాని చోట కుశలప్రశ్న వేసి ముందుకు పోవును. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అట్టి పెద్దమనిషి లేడు. అపార్టుమెంటు గేటు వద్ద కావలివాడు పేరు, ఫోను నంబరు వ్రాసికొనిన గాని లోపలికి విడువడు. పక్క ఫ్లాటులో నిన్న నున్నవారు నేడు పూనా పోవుదురు. అట్టి చోట పాతిక కుటుంబములు కలిసి, చదువుకొనుటకు ఊళ్లనుండి వచ్చు పిల్లలకు ఒక వసతిగృహము కట్టదలచిరనుకొందము. సూర్యాస్తమయమునకు ముందే శుద్ధమైన భోజనము దొరకు తావు లేక ఎందరు పిల్లలు నియమము విడిచినారో తలిదండ్రులకు తెలియును. కోరిక మంచిది. కాని ఎవరిని అడుగవలెనో, ఎంత అడుగవలెనో, ఎట్లడుగవలెనో ఆ పాతిక కుటుంబములకు తెలియదు. అప్పుడు సలహాదారు ప్రవేశించును.

అతని విద్య వట్టి మాటకారితనమని తలచుట పొరపాటు. మంచి సలహాదారు మొదట కమిటీవారినే పరీక్షించును. ఈ వసతిగృహము నిజముగా అవసరమా? ఎంతమంది పిల్లలు వత్తురు? కట్టిన పిమ్మట వంటవానికి, కరెంటుకు, మరమ్మతులకు ఏటేట సొమ్ము ఎక్కడినుండి వచ్చును? కమిటీ సభ్యులు తామెంత ఇచ్చుచున్నారు? ఈ కడపటి ప్రశ్నకు జవాబు లేనిచోట తక్కినవాటికి ఎంత చక్కని జవాబులున్నను చందా పుట్టదు.

పిమ్మట అతడొక పట్టిక వ్రాయును. కట్టడమునకు 3 కోట్ల రూపాయలు కావలెననుకొందము. వెయ్యిమంది తలకు 30,000 రూపాయలు ఇత్తురని లెక్కవేయుట కాగితముమీద సులభము. లోకమున అట్లు జరుగదు. పది పదిహేనుమంది దాతలనుండియే సగమునకు పైగా రావలెనని, తక్కినది వందలకొలది చిన్న చేతులనుండి రావలెనని ఈ వృత్తివారి అనుభవము. బహిరంగ సభ పెట్టుటకు ముందే సుమారు సగము సొమ్మునకు మాట తీసికొనవలెనని వారందురు. ఏలయన ఖాళీ పట్టిక చూచినవాడు వెనుకకు తగ్గును. సగము నిండిన పట్టిక చూచినవాడు చేయి కలుపును. రసీదు ఎట్లుండవలెను, ఆదాయపు పన్ను రాయితీకి ట్రస్టును ఎట్లు నమోదు చేయింపవలెను అనునవియు అతనికి తెలియును. 2017లో నగదు విరాళముపై రాయితీకి హద్దును 10,000 రూపాయలనుండి 2,000కు తగ్గించినప్పుడు, ఆ సంగతి తెలియక నగదుగా ఇచ్చి రాయితీ పోగొట్టుకొన్న దాతకు కష్టము కలిగినది. చెప్పని సంఘమునకు మాట వచ్చినది. 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతము లోకహితమునకు వినియోగింపవలెనని విధించిన పిమ్మట, ఏ పని అందుకు తగును, ఏది తగదు అను వివేచనయు ఒక శాస్త్రమైనది.

ఈ పద్ధతులు పరదేశమునుండి వచ్చినవని కొందరందురు. 1905లో అమెరికా రాజధానియగు వాషింగ్టనులో వై.ఎం.సి.ఏ. కట్టడమునకు చార్లెస్ వార్డు, లైమన్ పియర్సు అనువారు కొద్ది దినముల గడువు పెట్టి, ఊరిని జట్లుగా విభజించి, ఏనాటి వసూలు ఆనాడే గడియారపు ముల్లువలె పట్టణమువారికి చూపించుచు సొమ్ము కూర్చిరి. దానినుండియే ఈ వృత్తి పెరిగినదన్నది నిజమే. కాని గడువు, లక్ష్యము, లెక్క అనునవి మనకును కొత్తవి కావు. 1921లో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెస్ కమిటీ, ఆ యేటి జూన్ 30లోగా తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెనని తీర్మానించెను. గడువునాటికి కోటి పోగైనది. పర్యూషణములలో మహావీరస్వామి జన్మవృత్తాంతము చదువు దినమున పదునాలుగు స్వప్నముల బోలీ జరుగుట ఎరుగని శ్వేతాంబర కుటుంబము లేదు. రూపాయలలో గాక మణుగుల నెయ్యిగా బోలీ పలుకుట కొన్ని సంఘములలో ఆచారము. ఇదియు చందా కూర్చు నేర్పే. కర్ణాటకమున శ్రవణబెళగొళ మహామస్తకాభిషేకములందు 2006లోను, 2018లోను కలశములు విరాళము ననుసరించి కేటాయింపబడినవి. కావున నేర్పు ధర్మమునకు విరోధి కాదు. నేర్పు లేక మొదలుపెట్టి, సగము లేచి నిలిచిపోయిన గోడలు ఏ ఊరికిని శోభ కావు. వానిలో చిక్కుకొన్న సొమ్ము దాతకును దక్కదు, పిల్లలకును దక్కదు.

విద్యకు వేతనము ఇయ్యవచ్చునని ఇంతవరకు తేలినది. చిక్కు వేతనము ఇచ్చు విధానమున కలదు.

తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి దానముయొక్క ఉత్కర్ష నాలుగింటివలన భేదించునని చెప్పెను: విధి, ద్రవ్యము, దాత, పాత్ర. ఎట్లిచ్చిరి, ఏమిచ్చిరి, ఎవరిచ్చిరి, ఎవరికిచ్చిరి అనుట. ఈ నాలుగింటిలో సలహాదారునకు వేరుగా స్థానము లేదు. అతడు నాలుగింటిని తాకుచు పోవును. మరియు, కర్మ మూడు విధములని శ్రావకులెరుగుదురు: తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని అనుమోదించుట. దానము చేయించినవాడు దాని ఫలమున పాలివాడగును. పుణ్యమున పాలివాడైనవాడు ఆ ధనమున కూడ పాలివాడు కావచ్చునా అనునదే అసలు ప్రశ్న.

వర్తకునకు ఈ ప్రశ్న వింతగా తోచును. దలాలీ పాపము కాదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషను ఏజెంటు లేక రైతు సరకు అమ్ముడుపోదు. బట్టల బజారులో ఆడత్ తీసికొనువాడు ఇరుపక్షముల నమ్మకమును మోయుచున్నాడు. "నూటికి పది ఇయ్యుడు, సొమ్ము రానిచో నాకేమియు వద్దు" అని సలహాదారు చెప్పినప్పుడు, చేత పైకములేని చిన్న సంఘమునకు అది లాభముగానే కనిపించును. నష్టభయము అతనిది, ఫలము ఇద్దరిది. జీతమిచ్చినచో పని చేసినను చేయకున్నను ఇయ్యవలెను గదా! ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. చేతికంది వచ్చినదానినుండి ఇచ్చుట బీదసంఘమునకు గల ఒక్కటే దారి అని చెప్పువారి కష్టము నిజమైనదే.

పూర్వాచారము కూడ ఈ వాదమునకు తోడు వచ్చునట్లు కనిపించును. రాయలసీమలో దశబంధమను పద్ధతి యుండెడిది. చెరువు త్రవ్వించినవానికి, గండి పూడ్పించినవానికి, ఆ నీటివలన పండిన భూమి రాబడిలో పదియవ వంతు వదలిపెట్టెడివారు. కన్నడ దేశమున దీనికి సాటియైనది బిట్టువట్ట. ఇప్పటి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంచుననున్న అగర గ్రామపు 9వ శతాబ్ది శాసనము, ఇరుగమయ్య యనువాడు చెరువులకు తూములు పెట్టించి, మరియొక చెరువు కట్టించి, బిట్టువట్ట పొందెనని చెప్పుచున్నది. అనగా ఆ నేలమీదనే వెయ్యేండ్లకు పూర్వము లోకహితమైన పనికి వాటా ఇచ్చుట కలదు. మరి ఆనాటి పదియవ వంతు ధర్మమై, నేటి నూటికి పది అధర్మమెట్లగును?

తేడా మూడు చోట్ల కలదు. దశబంధము పొందినవాడు చెరువు కట్టినవాడు. చెరువు కట్టుటకు సొమ్మిమ్మని ఇతరులను అడిగినవాడు కాడు. రెండవది, అతని వాటా నీరు పారి, పంట పండిన పిమ్మట, ఆ పంటనుండి వచ్చెడిది. చెరువు తెగిపోయినచో వాటాయు పోయెడిది. నేటి కమీషను మొదటి ఇటుక పెట్టకముందే, వచ్చిన ప్రతి రూపాయినుండి తెగిపోవును. వసతిగృహము లేచినను లేవకున్నను అతని పది అతనికి ముట్టును. మూడవది, దశబంధము ఊరందరు ఎరిగినది, శాసనమున చెక్కినది. నేటి కమీషను చందా ఇచ్చువానికి చెప్పు సంఘమెక్కడ? గేటు వద్ద నిలిచి "పిల్లల భోజనమునకు వంద రూపాయలు" అని అడిగినవాడు, "అందులో పది నాకు" అని చెప్పుటకు నోరు రాదు. నోరు రానిచోటనే దోషమున్నది.

శ్రావకుల అణువ్రతములలో మూడవది అస్తేయము. దొంగతనమునకు జైనశాస్త్రము పెట్టిన పేరు అదత్తాదానము: ఇయ్యనిదానిని తీసికొనుట. ఈ మాట సూక్ష్మమైనది. గోడకు కన్నము వేసినవాడే దొంగ యని దీని భావము కాదు. దాత ఏ పనికై ఇచ్చెనో ఆ పనికి ఇచ్చినదే దత్తము. తక్కినది అతడు ఇయ్యలేదు. ఒక వృద్ధురాలు పిల్లల భోజనమునకని వంద రూపాయలిచ్చెను. అందులో పది ఆమె ఎరుగకుండ సలహాదారుని జేబులోనికి పోయినచో, ఆ పది ఆమె ఇచ్చినవి కావు. తీసికొన్న చేయి మర్యాదస్థునిది కావచ్చును, ఒప్పందపత్రము స్టాంపు కాగితముమీద ఉండవచ్చును. ఆమె దృష్టిలో మాత్రము అది అదత్తమే. దేవద్రవ్యమును మరియొక ఖాతాకు మార్చుటకు భయపడు కుటుంబములు ఈ సంగతి సులభముగా గ్రహింపగలవు. జీవదయ ఖాతాలో పడిన పైకమును సాధారణ ఖాతా కర్చులకు వాడని సంఘము, విద్యార్థుల ఖాతాలో పడిన పైకమునుండి మాత్రము దలాలీ ఎట్లు చెల్లించును?

ఈ వృత్తిలోని మంచివారే ఈ హద్దును ముందుగా గీసికొనిరి. 1935లో అమెరికాలో ఏర్పడిన నిధిసేకరణ సలహాదారుల సంఘము, తమ సభ్యులు విరాళములో శాతము తీసికొనరాదని, నిర్ణయించిన రుసుమే తీసికొనవలెనని నియమము పెట్టెను. 1960లో పుట్టి, తరువాత పెరిగిన మరియొక వృత్తిసంఘమును ఈ నియమమునే స్వీకరించెను. వీరు ధర్మశాస్త్రము చదివి ఇట్లు చేయలేదు. శాతము తీసికొన్నచోట దాత నమ్మకము ఎట్లు చెడునో కన్నులార చూచి చేసిరి. హద్దు దాటిన చోట ఏమి జరిగినదో 2015లో లోకము చూచినది. అమెరికాలో నాలుగు క్యాన్సరు ధర్మసంస్థలు 2008 నుండి 2012 వరకు 18 కోట్ల 70 లక్షల డాలర్లు చందాగా తీసికొని, అందులో నూటికి మూడైనను రోగులకు చేర్చలేదని ప్రభుత్వమువారు దావా వేసిరి. సొమ్ములో పెద్దభాగము ఫోనులో చందాలడుగు కంపెనీలు మింగినవి. చట్టము అడ్డుపడలేదా యని అడుగవచ్చును. సేకరణదారుని రుసుము ఇంత శాతము మించరాదని ఒక రాష్ట్రము చేసిన చట్టమును 1988లో అచ్చటి సుప్రీముకోర్టు కొట్టివేసెను. కావున ఈ హద్దును సంఘములు తామే పెట్టుకొనవలసి వచ్చినది. చట్టము చేయలేని పనిని వ్రతము చేయవలెను.

"దాతకు ముందే చెప్పి శాతము తీసికొన్నచో?" అని మరియొక ప్రశ్న. అప్పుడు అదత్తాదానము లేదు, నిజమే. అయినను విధి చెడుచున్నది. శాతము తీసికొనువాడు ఎక్కువ అడిగినకొలది తనకు ఎక్కువ. ఈ యేడు పెండ్లి చేసి అలసిన ఇంటిముందు, నష్టపడిన దుకాణముముందు అతడు ఆగక మానడు. పాత పెద్దమనిషి అడుగరాని చోట అడుగక ముందుకు పోవుటయే అతని గొప్ప. శాతమునకు పనిచేయువానికి ఆ ముందుకు పోవుట నష్టము. పదిమంది ముందు పేరు పిలిచి, "మీ తమ్ముడు లక్ష వ్రాసినాడు, మీరెంత?" అని అడిగి పుచ్చుకొన్నది దానము కాదు, లజ్జకు చెల్లించిన పన్ను. నేడు ఫోనులోని వాట్సాప్ జట్టులో పేర్లు, మొత్తములు వరుసగా పంపుచున్నారు. వరుసలో తన పేరు లేనివాడు రాత్రి నిద్రపోడు. ఇంగ్లండులో 2015లో 92 ఏండ్ల ఒక వృద్ధురాలికి ధర్మసంస్థల ఉత్తరములు కుప్పతెప్పలుగా వచ్చుచుండెనని బయటపడినప్పుడు దేశమంతట అలజడి కలిగి, 2016లో చందాల సేకరణను కనిపెట్టుటకు ప్రత్యేకసంస్థ ఏర్పడినది. మనోవాక్కాయములలో దేనిచే బాధించినను హింసయేనని నమ్మువారు, చందా అడుగు వాక్కున హింస ఉండగలదని మరువరాదు.

పేరు చెక్కించుకొనుట తప్పని దీని భావము కాదు. వర్తకుడగు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ధనముతో బొంబాయి విశ్వవిద్యాలయమున లేచి, 1878లో పూర్తియైన గోపురమునకు ఆయన తల్లి రాజాబాయి పేరు నిలిచినది. ఆ గడియారపు గంట విని ఆమె సూర్యాస్తమయమునకు ముందు భోజనము చేసెడిదని నేటికిని చెప్పుకొందురు. కరీంనగరము దాపున కురిక్యాల కొండమీది 10వ శతాబ్ది శాసనమున పంపకవి తమ్ముడు జినవల్లభుడు తాను కట్టించిన బసది, చెరువు, తోటల పేర్లు చెక్కించెను. తెలుగు కందపద్యములు ఆ శిలవలననే మనకు దక్కినవి. పేరు తరువాతివారికి దారి చూపునప్పుడు మేలే. గుప్తదానము మరియు మేలు. ఈ రెంటిలో ఏది కావలెనో దాత ఎంచుకొనవలెను. సలహాదారుని పట్టిక ఎంచరాదు.

ద్రవ్యమునందును ఇదే చిక్కు. శ్రావకునకు కూడని పదిహేను కర్మాదానములున్నవి. అడవి నరికిన సొమ్ము, విషము అమ్మిన సొమ్ము, జనులను మోసగించి కూర్చిన సొమ్ము పెద్ద మూటగా వచ్చి "నా పేరు పెట్టుడు" అన్నచో, వద్దని చెప్పుటకు ఒకరు కావలెను. వద్దన్నకొలది తనకు నష్టమైనవాడు ఆ మాట ఎట్లు చెప్పగలడు? నిర్ణయించిన రుసుము తీసికొనువాడు చెప్పగలడు. అతని బియ్యము ఆ మూటలో లేవు.

ఇక పాత్ర, అనగా పుచ్చుకొను సంఘము. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వంటి చోట డెవలప్‌మెంట్ అథారిటీవారు సంఘములకిచ్చు పౌరసౌకర్య స్థలములు అమ్మకముగా గాక కౌలుగా ఇయ్యబడును; 1989 నాటి నియమముల ప్రకారము ఆ కౌలు సాధారణముగా 30 ఏండ్లు. శిలాఫలకముమీద తండ్రి పేరు చెక్కించు దాత అది ఆచంద్రార్కమని తలచును. స్థలము కౌలుదని, గడువు తీరిన పిమ్మట మరల ఒప్పందము కావలెనని అతనికి మొదటి దినముననే చెప్పవలెను. చెప్పినచో కొందరు వెనుదీయుదురని భయపడి దాచు సలహా ఎంత లాభకరమైనను అసత్యమే. అట్లే మాటయిచ్చినదానిని వచ్చినదానిగా లెక్కింపరాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇత్తునన్నప్పుడు భూదానమహోద్యమము పుట్టినది. అటుపిమ్మట దేశమంతట లక్షల ఎకరములకు మాట వచ్చెను. అందులో చాలభాగము సాగుకు పనికిరానిదిగనో, పంచబడక నిలిచినదిగనో తేలినది. దానము గొప్పదే, లెక్క వెనుకబడినప్పుడు గొప్ప దానమును చిన్నబోవును.

మరియొక వైపునుండి వచ్చు మాటయు వినవలెను. డాన్ పల్లోటా యను అమెరికా దేశస్థుడు 2013లో ఒక ప్రసంగమున, ధర్మసంస్థ కర్చు తక్కువగా చూపినంత మాత్రమున మంచిది కాదని, పని పెరుగుటకు తగిన కర్చు చేయనిచ్చుట లోకమునకే లాభమని వాదించెను. అందులో సత్యమున్నది. "మా సంఘమునకు కర్చే లేదు" అని చెప్పుకొను గొప్పకై గుమాస్తాను అర్ధజీతముతో ఉంచుట, ఆడిటు వాయిదా వేయుట, తప్పుడు పద్దు వ్రాయుట కూడ దోషమే. కర్చు పాపము కాదు. దాచిన కర్చు పాపము. నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. భాస్కరభూపాలుడు కట్టించిన ఆ చెరువునకు ప్రతిదినము 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేండ్లు పట్టినవని ఆ రాతిమీదనే వ్రాసియున్నది. రాజు పేరుతోపాటు కూలీల లెక్కయు రాతికెక్కినది. నేటి శిలాఫలకములమీద దాతల పేర్లే యుండును. కర్చు పద్దు ఏ బీరువాలోనో యుండును.

అయినచో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ పాతిక కుటుంబములు ఏమి చేయవలెను? సలహాదారుని పిలువవచ్చును. పనిని, కాలమును బట్టి ఇంతయని రుసుము నిర్ణయింపవలెను. వచ్చిన సొమ్మును బట్టి కాదు. ఆ రుసుము వసతిగృహపు ఖాతానుండి చెల్లింపరాదు. కమిటీవారు, మరికొందరు కలిగినవారు కలిసి "ఇది సేకరణ కర్చులకు" అని వేరుగా పేరు పెట్టి ఇచ్చిన ఖాతానుండి చెల్లింపవలెను. ఇట్లు చేసినచో వృద్ధురాలి వంద రూపాయలు వందగానే ఇటుకై నిలుచును. సలహాదారుని కూలియు ధర్మముగా ముట్టును. కలిగినవారు దారి కర్చు మోసి, లేనివారి చందాను చెక్కుచెదరక గమ్యము చేర్చుట వారికి తగిన దానము. చేత పైకములేని సంఘమునకు ఇది కష్టమని ఆక్షేపణ రావచ్చును. కాని ఒక సలహాదారుని కొద్ది నెలల రుసుమునకు తమలో తాము పూచీపడలేని పాతిక కుటుంబములు, 3 కోట్ల కట్టడమునకు, దాని తరువాతి ముప్పది ఏండ్ల వంటకు ఎట్లు పూచీపడగలవు? ఆ చిన్న మొత్తమే వారి సంకల్పమునకు మొదటి పరీక్ష.

రెండవది, సలహా కొనవచ్చును గాని అడుగు ముఖము కొనరాదు. పట్టిక సలహాదారుడు వ్రాయవలెను. గడప ఎక్కవలసినవారు కమిటీవారే. కూలికి వచ్చినవాడు అడిగినచో దాత సంచిలోనికి చూచును. తాను ముందుగా ఇచ్చి వచ్చిన పొరుగువాడు అడిగినచో ఆ పొరుగువాని ముఖములోనికి చూచును. గేటు వద్ద పేరు వ్రాయించుకొని, ఏడవ అంతస్తు ఎక్కి, ఎన్నడును చూడని కుటుంబముతో కూర్చుండి మాటలాడుట శ్రమయే. ఆ శ్రమలోనే ఏ యింట వృద్ధులున్నారో, ఏ యింట పిల్లవాడు పరీక్షకు చదువుచున్నాడో, ఎవరిని ఈ యేడు అడుగరాదో తెలియవచ్చును. చిక్‌పేట పెద్దమనిషికి తరతరములుగా వచ్చిన ఆ ఎరుకను, కొత్త ఊరివారు మెట్లెక్కి సంపాదింపవలెను. అది డబ్బిచ్చినవారికి దొరకునది కాదు.

మూడవది, ఏటేట లెక్క. వచ్చినది, రావలసినది, కర్చైనది, సలహాదారునకు ఇచ్చినది అన్నియు ఒకే కాగితముమీద, వంద ఇచ్చినవానికిని లక్ష ఇచ్చినవానికిని ఒకే విధముగా పంపవలెను. వర్తకునకు ఇది చెప్పవలసిన పని లేదు. దీపావళినాడు చోపడా పూజ చేయు ఇంట పద్దు పుస్తకము పవిత్రమే. దుకాణపు పుస్తకమునకు చేయు మర్యాద సంఘపు పుస్తకమునకును చేసిన చాలును.

సంఘము అను మాటకు జైనసంప్రదాయమున గొప్ప అర్థము కలదు. సాధువు, సాధ్వి, శ్రావకుడు, శ్రావిక అను నలుగురి కూడికకు తీర్థంకరులే తీర్థమని పేరు పెట్టిరి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో లేవనున్న వసతిగృహమునకు ధనము కూర్చుట ఒక పని. ఒకరినొకరు ఎరుగని ఆ కుటుంబములు సంఘమగుట మరియొక పని. మొదటిదానికి కూలి ఇచ్చి సహాయము పొందవచ్చును, సిగ్గుపడనక్కరలేదు. రెండవదానికి కూలివాడు లేడు. చందా అడుగుటకు మెట్లెక్కినవారు దిగివచ్చునప్పుడు చేతిలో రసీదు పుస్తకము ఖాళీగా నున్నను, ఒక కుటుంబము వారికి పరిచయమై యుండును. వసతిగృహమున రేపు పిల్లలకు వంట సాగవలెనన్నచో ఆ పరిచయమే పెట్టుబడి.